ఇంజన్ ఆముదం తాగిన తాబి

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహాకావ్యానికి సరిపోయే సంగతి. ఇందుల ఉక్కు గుండెల వీరుడు ఒకడున్నడు. వాని నోట్లెకెల్లి పొగ వస్తది, వాని అరుపుకు గుట్ట మీది నెమళ్లు బెదిరి లేచిపోతయి. ఒక రాజు వాని కోసం తన ఇద్దరు నమ్మినబంట్లను అమ్ముకుంటడు. ఆఖరుకు వీరుడు కూలిపోతడు, ఊరంత శోకాలు పెడతది, రాజు అన్నం మానేస్తడు.

అట్లనే రాద్దామని కూసున్న. కని వీరుడంటే మా బాయికాడి నూనె ఇంజను. రాజు మా బాపు. నమ్మినబంట్లు మా మోట ఎడ్లు. వీరుడు కూలిండన్నది కూడ ఉత్తమాటనే, బోల్టులేసి బిగించినదాన్ని కూలుమన్నా కూలదు. కాబట్టి కావ్యం సంగతి ఇక్కడ్నే ఆపి, అయింది అయినట్టు చెప్త.

మా ఊరు మర్రిగూడకు పడమటికి, షాద్‌నగర్‌కు తూర్పుకు, రెండింటికీ అక్కర లేని చోట ఉంటది. వాన పడితే జొన్నలు, పడకపోతే ఆముదాలు. ఆముదపు చెట్టుకు వాన పడ్డదా లేదా అన్న పట్టింపు తక్కువ. మాకు ఒక బాయి, దాని కింద కొన్ని మళ్లు ఉండె. ఆ మళ్లల్ల తాబి వేసేది, అంటే ఎండకాలం చేతికొచ్చే వరి. తాబికి పొద్దుగాల షురువు చేసి పొద్దుగూకేదాంక మోట కొట్టాలె. తోలు బొక్కెన బాయిలకు దిగుతది, ఎడ్లు పల్లపు బాట పట్టి నడుస్తయి, బొక్కెన నిండుగ పైకొస్తది, కాలువల పోసుకుంటది, ఎడ్లు వెనక్కి నడుస్తయి. ఇంతే. పుట్టినకాడ్నుంచి ఇదే చూసి చూసి, ప్రపంచం కూడ ముందుకు కొంచెం పోయి మళ్ల వెనక్కి వస్తదేమోనని నాకు అనుమానం ఉండేది.

మా బాపు పక్కూరి దొర తోటల ఇంజను చూసి వచ్చిండు. ఆ పొద్దు అన్నం తింటుంటే కూడ నోటితోని డుగ్గు డుగ్గుమని అనుకుంట తిన్నడు. అమ్మ నా దిక్కు చూసింది. నేను నా కంచం దిక్కు చూసిన. ఏదో కొంప మునుగుతదని ఇద్దరికీ అర్థమైంది.

ఆ ఏడు ఆముదాలు బాగ కాసినయి. అవి అమ్మి బాపు పట్నం బయలుదేరిండు. నాకు ఉర్దూ బడి చదువు ఉన్నందుకు తర్జుమాకు నన్ను వెంట పెట్టుకున్నడు. అవి జర్మన్ లడాయి రోజులు. కొత్త మిషన్లు ఓడల మీద వచ్చుడు బందైంది. మూతబడ్డ వడ్ల గిర్నీల పాత ఇంజన్లు పట్నంల ఒక పెద్దమనిషి వాడకట్టుల దొడ్డినిండ పెట్టుకొని అమ్ముతుండె. మంచిదని ఆయన ఒకటి చూపెట్టిండు. తుడిచి పెట్టిండు, నూనె రాసి పెట్టిండు, మా కళ్ల ముందర నడిపి చూపెట్టిండు. సీదా బేరం.

అప్పుడు మా బాపు ఇంజన్ చుట్టు తిరిగిండు. ముందుకెల్లి చూసిండు, వెనకకెల్లి చూసిండు. వంగి కిందకెల్లి చూసిండు. పక్క మీద అరచేతితో చరిచి, ఆ చప్పుడు విన్నడు. మా దిక్కు అంగట్ల ఎద్దును చూసేది ఇట్లనే. ఎద్దునైతే పండబెట్టి, లేపి కూడ చూస్తరు. ఇంజన్‌ను పండబెట్టుమంటడేమోనని నేను జర దూరం జరిగిన.

పండబెట్టుమనలేదు. అంతకంటె పెద్ద మాటే అన్నడు. ఇంజన్ వెనక భాగాన ఒక గుండ్రటి గుర్తు ఉండె. దాని మీద వేలు పెట్టి, నాతో చెప్పిండు.

"మూపురం వెనక సుడి ఉన్నది యజమానికి అచ్చిరాదు. వద్దని చెప్పు ఆయనకు."

"బాపూ, అది సుడి కాదు. పోత పోసినప్పుడు పడ్డ గుర్తు."

"ఎద్దుకు మాత్రం ఇంకెప్పుడు పడతది? పోత పోసినప్పుడే."

ఉన్న ఉర్దూ అంత కూడగట్టుకొని ఆ పెద్దమనిషికి చెప్పిన. ఆయన నన్ను చూసిండు, బాపును చూసిండు, తర్వాత ఇంజన్ వెనకకు పోయి ఆ గుర్తును ఆయన కూడ చూసిండు. నిన్నటిదాంక లేని అనుమానం ఆయన మొకంల కనపడ్డది. ఆఖరుకు బాపు మూలకున్న ఇంకొక దాన్ని ఏరుకున్నడు. తుప్పు పట్టింది, జర చిన్నది, దగ్గుకుంట నడిచింది. అయితే ఎదురురొమ్ము వెడల్పు ఉన్నదట, చెడ్డ సుడి ఎక్కడా లేదట.

రైల్ల షాద్‌నగర్ దాంక వచ్చింది. అక్కడ్నుంచి ఇంటికి బండి మీద తెచ్చినం. బండికి కట్టినవి మా మోట ఎడ్లే. తమ కొలువును ఊడగొట్టేదాన్ని తామే గుంజుకొచ్చినయి, దారిల ఒక్కసారి కూడ మొండికేయలేదు. ఆ వారమే మా మేనమామ వచ్చి వాటిని కొనుక్కొని మర్రిగూడ దిక్కు తోలుకపోయిండు. మా అమ్మకు తమ్ముడు, బాపుకు బామ్మర్ది. ఆ దిక్కు నీళ్లకు చిన్నప్పుడే పండ్లు పచ్చబడతయి. అందుకని ఆయన నవ్వేటప్పుడు మీసాలకు చెయ్యి అడ్డం పెట్టుకుంటడు. కని మా బాపును ఎక్కిరించేటప్పుడు మాత్రం ఆ చెయ్యి తీసేస్తడు. ఎడ్లను తోలుకపోతుంటే బాపు వాటి దిక్కు చూడలేదు, ఇంజన్‌కు పందిరి వేయించే పనిల ఉండె. అమ్మ మాత్రం ఎడ్ల నొసట్ల బొట్టు పెట్టి లోపలికి పోయింది, చాలాసేపు బయటికి రాలేదు.

షాద్‌నగర్ గిర్నీల పని చేసే మిస్త్రీ వచ్చి ఇంజన్‌ను గద్దె మీద కూసోబెట్టి బిగించిండు. ఎట్ల వెచ్చబెట్టాలె, చక్రం ఎట్ల తిప్పాలె, అన్ని నేర్పిండు. పైన ఒక ఇత్తడి గిన్నె ఉంటది. అందులకెల్లి నూనె చుక్కచుక్కగ లోపలికి దిగుతది. ఆ గిన్నె ఎన్నడు వట్టిపోవద్దని గట్టిగ చెప్పిండు, ఒక డబ్బ మిషన్ నూనె ఇచ్చిండు. ఏ నూనె పోయాలెనన్నది ఆయన చెప్పలేదు. చెప్పవలసిన మాటని ఆయనకు తోచలేదు, అడగవలసిన మాటని మాకు తోచలేదు.

బాపు ఇంజన్‌ను ఎట్ల అరుసుకున్నడంటే, నాకు కొంచెం కడుపు మండింది. నాకెన్నడు వేయని గొంగడి దానికి చలికాలం పొద్దుగాల కప్పిండు. దిష్టికి నల్లదారంల గవ్వ కట్టిండు. సోమవారం ఎడ్లను కట్టేది లేదు కాబట్టి సోమవారం ఇంజన్‌కూ సెలవే. మొదట్ల ఒక పలుపుతాడు కూడ తెచ్చి ఇంజన్‌ను పందిరి గుంజకు కట్టిండు. ఇదెందుకు బాపూ అంటే, ఉండనీ అన్నడు.

కని నీళ్లు మాత్రం, నిజం చెప్తున్న, నీళ్లు నేను ఎన్నడు అట్ల చూడలేదు. గొట్టంలకెల్లి లావుగ, ఆగకుంట వస్తుంటే మా అవ్వ కాలువ గట్టున నిలబడి నోటి మీద చెయ్యేసుకున్నది. అవ్వ అంటే బాపుకు తల్లి. ఎడ్ల వైద్యం ఆమెదే. ఇంటికి ఏం కొత్తది వచ్చినా మొదలు పేరు పెట్టేదీ ఆమెనే, వంక పెట్టేదీ ఆమెనే. ఆ పొద్దు మాత్రం ఏ వంకా పెట్టలేదు. ఆ ఏడు తాబి ఎన్నడు వేయని మీది మళ్లకు కూడ వేసినం.

వరి పొట్టకొచ్చే యాళ్లకు ఇంజను దగ్గుడు పట్టింది. గిన్నెల నూనె అడుగంటింది. షాద్‌నగర్‌ల అడిగితే లడాయికి పోతున్నది, దుకాణంల లేదన్నరు. చక్రం బరువెక్కింది, పొగ నల్లబడ్డది, నడుమ నడుమ పక్కలెగరేసేది. బాపు దాని పక్క మీద చెయ్యి పెట్టి చూసి, అవ్వను పిలిపించిండు. అవ్వ వచ్చి చెవి ఆనించి విన్నది.

"పొట్ట బిగిసింది," అన్నది. "ఆముదం పడితే తేరుకుంటది."

నేను నవ్విన. నేను తప్ప ఎవ్వరు నవ్వలేదు. బాపు నా దిక్కు తిరిగి అడిగిన మాట ఒకటే, బండి ఇరుసుకు నువ్వు ఏం పూస్తవని. ఆముదమే పూస్త. తిరిగే ఇరుసుకు అది చల్లగ ఉంటే, తిరిగే ఇంజన్‌కు ఎందుకు ఉండదు? బాపుతో వాదంల నాకు ఇదే ఎప్పటి కష్టం. ఆయన మాటలు తప్పని తెలుస్తుంటది, కని ఎక్కడ తప్పో దొరకదు.

దుక్కి షురువు కాకముందు మేము ఎడ్లకు మందు పోస్తం. ఆముదంల ఎల్లిపాయ, మిరియాలు, సొంటి దంచి వేసి కాచి, వడగట్టి, బొంగు గొట్టంతో గొంతుల పోస్తం. అవ్వకు వేరే వంటకం తెలువదు. కాబట్టి ఇంజన్‌కూ అదే కాచింది. బాపు అదే బొంగు గొట్టం తెచ్చిండు. నేను ఇత్తడి గిన్నె మూత పట్టుకున్న. బాపు ఇంజన్ మెడ అనుకున్న చోట ఎడమచేతితో నిమురుకుంట, ఓ ఓ అని బుజ్జగించుకుంట, ఉన్న కొద్దిపాటి మిషన్ నూనెల్నే గొట్టమెడు ఆముదం పోసిండు.

తర్వాత జరిగింది నేను ఎవరికి చెప్పినా నమ్మరు. దగ్గు బందైంది. చక్రం వెన్నలెక్క తిరిగింది. నేను నోరు తెరిచిన, అది మూసుకోవడానికి చాన సేపు పట్టింది. గాలికి ఎల్లిపాయ వాసన కొట్టింది. బాట మీద పోయేటోళ్లు ఆగి, ఇంత పొద్దుగాల పప్పు పోపెవరు వేస్తున్నరని అడిగిండ్రు. మా ఇంజన్ వేస్తున్నదని చెప్పిన. మంచిదే అనుకుంట పోయిండ్రు. ఊరంత మా అవ్వను వైద్యానికి మెచ్చుకున్నది. ఆ వారమంత బాపు రోజుకు ఒక గొట్టం పోసిండు. ఇంట్ల విత్తనాలకని ఉంచిన ఆముదాలు కూడ గానుగకు పోయినయి. దీపంల మాత్రం నూనె తక్కువైంది, మేము పొద్దుండంగనే తినుడు నేర్చుకున్నం.

ఒక పొద్దుగాల చక్రం తిరగలేదు. బాపు గుంజిండు. నేను గుంజిన. ఇద్దరం కలిసి గుంజినం. గోడను పట్టుకొని గుంజితే ఎట్ల ఉంటదో అట్ల ఉన్నది. వెచ్చబెట్టినం, బుజ్జగించినం, బాపు ఒక తన్ను కూడ తన్ని వెంటనే కాలు మొక్కిండు. మిస్త్రీకి కబురు పంపితే, గిర్నీ సీజను, వదిలిపెట్టి రాలేనన్నడు.

జనం చేరిండ్రు. మా దూరపు పెద్దమ్మ ఒకామె బాట మీదికెల్లే శోకం అందుకొని వచ్చి, బాపు మెడ పట్టుకొని కొంత ఏడ్చి, నడుమ ఆపి, ఇంతకు పోయిందెవరని నన్ను అడిగింది. నేను చూపెట్టిన. ఆమె ఇంజన్‌ను చూసి, మొదలుపెట్టిన శోకం విడవడం మర్యాద కాదనుకున్నదేమో, ఇంకొంచెం ఏడ్చి ముగించింది.

నేను ఎక్కిరిస్తున్న గని, బాపు ఇంజన్‌ను చూస్తలేడు. వరిమళ్ల దిక్కు చూస్తున్నడు. నేను కూడ అటే చూసిన. వరి పొట్ట మీద ఉన్నది. ఇప్పుడు నీళ్లు తప్పితే గింజల పాలు పడవు, కోసినా చేతికి తాలే వస్తది. బాయి నిండ నీళ్లున్నయి, చేతికందవు. ఎడ్లు లేవు. ఏడాది తిండి ఆ మళ్లల్ల నిలబడి ఉన్నది.

ఇంట్ల ఇంకో లడాయి మొదలైంది. ఎల్లిపాయ ఎవరు వేయుమన్నరని బాపు అవ్వను అడిగిండు. ఎద్దుకు వేసిందే వేసిన, దీని జాతి నాకేమెరుక అని అవ్వ అన్నది. ఆ మాట తర్వాత అవ్వ గోడ దిక్కు తిరిగి పండుకున్నది, అన్నం ముట్టలేదు. చేతుల ఎద్దు చనిపోయినట్టే ఆమెకు. బాపు కూడ ముట్టలేదు. అమ్మ అందరికీ వండి పెట్టి కూసున్నది. ఇంట్ల ఎవరో ఒకరు తినాలె గద అని నేను ముగ్గురిది తిన్న. దుఃఖం నాకు ఆకలి రూపంల వస్తది.

తెల్లారి బాపు నన్ను పిలిచి, మీ మామ ఊరికి పోయి రా అన్నడు. ఎందుకని చెప్పలేదు. బామ్మర్దిని ఎడ్లు అడగడం ఆయన నోట రాదు. నా నోట వస్తది, నాకు ఆ పట్టింపులు లేవు. మామ అంత విన్నడు, మీసాల మీది చెయ్యి మెల్లగ తీసేసిండు, కని నా ముందర ఏం అనలేదు. ఎడ్లను విప్పి తానే బయలుదేరిండు. దారిపొడుగునా ఏదో కూడగట్టుకుంటున్నడని మొకం చూస్తే తెలుస్తనే ఉన్నది.

బాయికాడికి రాంగనే ఎడ్లు ఎవ్వరు తోలకుంటనే పల్లపు బాట మొదట్లకు పోయి, బాయికి వీపు పెట్టి నిలబడ్డయి. బాపు చూసిండు. మామ పందిరి కింద ఇంజన్‌ను, గవ్వను, గుంజకు కట్టి ఉన్న పలుపుతాడును చూసిండు.

"కట్టేసుడు మంచిదైంది బావా," అన్నడు. "లేకపోతే పీనుగ ఎక్కడికన్న పోయేది."

బాపు ఏమన్న అంటడని చూసిన. నాతో అన్నడు, "మీ మామకు, ఎడ్లకు నీళ్లు పెట్టు." మామ చెయ్యి మళ్ల మీసాల మీదికి పోయింది. ఆ రోజు ఇంక ఎక్కిరించలేదు.

మోట కట్టుదామని పెరట్ల వేలాడదీసిన తోలు బొక్కెన దించినం. అది బొక్కెన లెక్క లేదు, ఎండిన అప్పడం లెక్క ఉన్నది. మడిస్తే టప్పుమన్నది. తోలుకు వారం వారం ఆముదం పట్టించాలె, లేకపోతే ఇట్లనే అయితది. మేము ఇంజన్ వచ్చినంక దాని మొకం చూడలేదు. ఏం కాలేదు, మెత్తబరుద్దాం, ఆముదం పట్టుకరా అల్లుడా అన్నడు మామ.

అమ్మ నేల చూసింది. అందరి కళ్లు మెల్లగ పందిరి కిందికి తిరిగినయి. మామ మా కళ్ల వెంబడే చూసి, అంత దాని కడుపుల్నే ఉన్నదా అని అడిగిండు. అంత దాని కడుపుల్నే ఉన్నది. ఆముదాలు పండే ఊర్ల, ఆముదాలమ్మి ఇంజన్ తెచ్చినోళ్ల ఇంట్ల, చుక్క ఆముదం లేదు.

నేను ముంత పట్టుకొని ఇల్లిల్లు తిరిగిన. గింజలు కోమట్లకు పోయినయి, ఇండ్లల్ల మిగిలింది దీపాల అడుగుకే. అయినా ఎవ్వరు కాదనలేదు. ఒక్కొక్కరు దీపం వంచి ఇంత ఇంత పోసిండ్రు. ఒకామె మాత్రం పోసేముందు ఆగి, సచ్చినదాని నోట్ల మళ్ల పొయ్యరు గద నాయినా అని మాట తీసుకున్నది.

దాన్ని బొక్కెనకు పట్టించి, ఎండకు పెట్టి, తొక్కి, మళ్ల పట్టించి, మోట కట్టినం. బాపు, మామ, నేను వంతులు వేసుకున్నం. మోట నీళ్లు అన్ని మళ్లకు చాలవు. ఏ మడికి ఆపాలెనో బాపే చెప్పాలె. ఆయన గట్టు మీద నిలబడి, ఆ ఏడు కొత్తగ వేసిన మీది మళ్ల దిక్కు చూసి, పారతో కాలువకు అడ్డం మన్ను వేసిండు. ఇంజను మీద నమ్మకంతో వేసిన మళ్లు అవి. పచ్చగ ఉండంగనే కోసి ఎడ్లకు వేసినం. కింది మళ్లకు పాలు పడ్డయి.

గింజ గట్టిపడే యాళ్లకు మిస్త్రీ వచ్చిండు. అప్పటికి ఊర్ల మూడు మతాలు అయినయి. బాపు చూడని చోట ఏదో చెడ్డ సుడి ఉండె అనేది ఒకటి. దొర ఇంటోళ్ల దిష్టి అనేది ఇంకోటి. ఎల్లిపాయ అనేది మూడోది, దానికే బలం ఎక్కువ. అవ్వ అన్నం తింటున్నది గని, బాపుతో మాట్లాడుతలేదు. మిస్త్రీ ఇంజన్ విప్పుతుంటే ఊరంత చుట్టు నిలబడ్డది. అవ్వ దూరంగ, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడ్డది.

లోపల బెల్లం పాకం ముదిరి అడుగంటినట్టు ఉన్నది. మిస్త్రీ పుల్లతో గీకిండు. పుల్ల అతుక్కున్నది. ఇంకొంచెం గీకితే నూనె దిగే తొవ్వలకెల్లి ఎర్రగ వేగిన ఎల్లిపాయ పొట్టు వచ్చింది. ఆయన దాన్ని వేళ్ల నడుమ పట్టుకొని వెలుతురుకు చూసిండు, వాసన చూసిండు, మమ్మల్ని చూసిండు. ఇరువై ఏండ్ల పనిల ఇట్లాంటిది చూడలేదని ఆ మొకమే చెప్పింది. జనంల నుంచి ఆఁ అని ఒక చప్పుడు లేచింది. అవ్వ కూలబడ్డది.

ఏం జరిగిందో నేను చెప్పిన, బొంగు గొట్టంతో సహ. మిస్త్రీ నవ్వుతడనుకున్నం, నవ్వలేదు. ముందున్న నూనె దించినంకనే పోసిండ్రా అని అడిగిండు. ఎందుకు దించుతం, ఉన్నదాంట్లనే పోసినం అన్నడు బాపు.

"అదే," అన్నడు మిస్త్రీ. పుల్ల తుడుచుకున్నడు.

ఊరంత ఇంకా ఏదో చెప్తడని ఎదురుచూసింది. బాపు గొంతు సవరించుకొని, అవ్వ దిక్కు చూడకుంట అడిగిండు. "మరి ఎల్లిపాయ?"

"ఎల్లిపాయ ఏం చేయలే. అది అడ్డం పడ్డ పొట్టంతే, ఊదితే పోతది."

బాపు పోయి అవ్వను లేపి, గట్టు మీద కూసోబెట్టిండు. అవ్వ కొంగుతో ఆయన మొకం మీది మసి తుడిచి, నువ్వెందుకు గట్ల చిక్కినవురా అని అడిగింది. జనం నిరాశతో ఇండ్లకు పోయిండ్రు. దిష్టి మతపోళ్లు మాత్రం ఇప్పటికీ ఒప్పుకుంటలేరు.

మిస్త్రీ అడిగింది ఒక సీసెడు గాసునూనె, అంటే కిరసనాయిలు, ఇంక కొన్ని పాత గుడ్డలు. అంబటి యాళ్లకు, పొద్దు నడినెత్తికి రాకముందే, ఇంజన్ మళ్ల డుగ్గుమన్నది. నెమళ్లు లేచినయి. మామ కోత దాంక ఎడ్లను మా దగ్గర్నే ఉంచిండు. బాపు పలుపుతాడు విప్పి ఎడ్లకు కట్టిండు. గవ్వ మాత్రం తియ్యలేదు.

ఇక మీ బాయికాడ కూడ ఇంజన్ ఉంటే, తెలుసుకోవలసింది ఇది. ఆముదం ఒక్కటే పోసినా నడుస్తది, మిషన్ నూనె ఒక్కటే పోసినా నడుస్తది. రెండు కలవవు, వేడికి బంక కడతయి. ఒకటి మార్చి ఇంకోటి పోయాలంటే, అడుగున ఉన్న బోల్టు విప్పి పాతదంత దించి, గాసునూనెతో కడిగి, తుడిచి, ఆరినంక పోయాలె. బోల్టు కింద ఒక తోలు వాషరు ఉంటది. దాన్ని మళ్ల వెయ్యాలె.